మెరైనర్స్ వెంట ఆరు నెలలు: ఆశ రేపే బేస్‌బాల్ సీజన్‌ను రోజూ ఎలా అనుసరించాలి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటూ అమెరికన్ బేస్‌బాల్ చూడాలనుకునేవారికి నేనైతే పశ్చిమ తీరపు జట్టునే సూచిస్తాను. సియాటిల్‌లో సాయంత్రం 6:40కి మొదలయ్యే ఆట మనకు మర్నాడు ఉదయం 7:10కి మొదలవుతుంది. కాఫీ, పేపరు పూర్తయ్యేసరికి మూడు ఇన్నింగ్స్ గడుస్తాయి, ఆఫీసుకు బయల్దేరేలోపు సగం ఆట చూసేయవచ్చు. అదే న్యూయార్క్ జట్టును పట్టుకుంటే తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం పెట్టుకోవాలి. ఆ ఉత్సాహం రెండు వారాలకు మించి నిలిచిన మనిషిని నేను చూడలేదు.

ఇక సియాటిల్ మెరైనర్స్ ఎందుకంటే, ఆశపడటం ఎలాగో ఈ జట్టు అభిమానులకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. 1977లో పుట్టిన ఈ జట్టు 2025 సీజన్ ముగిసేనాటికి కూడా వరల్డ్ సిరీస్ (ఈ లీగ్ ఫైనల్) గడప తొక్కలేదు. మేజర్ లీగ్‌లోని 30 జట్లలో అలాంటిది ఇదొక్కటే. 2025లో మాత్రం ఆ గడపకు ఎనిమిది అవుట్ల దూరం వరకు వెళ్లింది. పైగా సియాటిల్ పక్కనే ఉన్న బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ బంధువుల్లోనో స్నేహితుల్లోనో ఒకరు అక్కడ ఉండే అవకాశం ఎక్కువే. ఆదివారం ఫోనులో మాట్లాడుకోవడానికి వాతావరణం, వీసాలు కాకుండా మరో విషయం దొరుకుతుంది.

2025 సీజన్‌నే ఉదాహరణగా పెట్టుకుని, మార్చి నుంచి అక్టోబరు దాకా ఏ నెలలో ఏం చేయాలో చెబుతాను.

ముందు గడియారం, తర్వాత చందా

సీజన్ మార్చి చివర్లో మొదలై సెప్టెంబరు చివర్లో ముగుస్తుంది. అర్హత సాధించిన జట్లకు అక్టోబరు అదనం. ఈ కాలమంతా సియాటిల్‌కూ మనకూ మధ్య తేడా పన్నెండున్నర గంటలే; మధ్యలో మారదు. జట్టు షెడ్యూలును ఫోను క్యాలెండర్‌లోకి దించుకుంటే సమయాలు మన కాలమానంలోనే కనిపిస్తాయి. సొంత మైదానంలో రాత్రి ఆట మనకు ఉదయం ఏడు దాటాక వస్తుంది. హ్యూస్టన్ లాంటి చోట జరిగే రాత్రి ఆట 5:40 ప్రాంతంలో, టొరంటోలోనో న్యూయార్క్‌లోనో అయితే నాలుగున్నర ప్రాంతంలో మొదలవుతుంది. సియాటిల్‌లో మధ్యాహ్నం 1:10కి జరిగే ఆట మనకు అర్ధరాత్రి దాటాక 1:40కి పడుతుంది. దాన్ని వదిలేసి హాయిగా పడుకోండి, పొద్దున్న లేచాక ముఖ్య ఘట్టాల వీడియో చూసుకోండి.

డబ్బు కట్టడానికి తొందరపడకండి. ఎంఎల్‌బీ (మేజర్ లీగ్ బేస్‌బాల్) యాప్‌లో గేమ్‌డే అనే విభాగం ఉచితం. ప్రతి బంతి ఎంత వేగంతో వచ్చింది, స్ట్రైక్ జోన్‌లో (బ్యాటర్ ముందు ఊహించుకునే గడిలో) ఎక్కడ పడింది, ఎవరు ఏ బేస్ (పరుగెత్తేవారు ఆగే మజిలీ) మీద ఉన్నారు అన్నీ అందులో కనిపిస్తాయి. యూట్యూబ్‌లో ప్రతి ఆట సారాంశం పెడతారు. రెండు మూడు వారాలు వీటితో గడిపాక కూడా ఆసక్తి నిలిస్తే అప్పుడు ఎంఎల్‌బీ టీవీ చందా గురించి ఆలోచించండి. వీడియో లేకుండా రేడియో వ్యాఖ్యానం మాత్రమే వినే చందా అంతకంటే చాలా చవక, నా ఓటు దానికే. బేస్‌బాల్ నెమ్మదైన ఆట కాబట్టి చెవికి బాగా అమరుతుంది. వంట చేస్తూ, బస్సులో వెళ్తూ వినవచ్చు. సియాటిల్‌లో 1977 నుంచి 2010లో చనిపోయేదాకా డేవ్ నీహాస్ అనే వ్యాఖ్యాత గొంతే జట్టుకు గుర్తు. ఆయన "మై, ఓ మై" అన్నాడంటే ఏదో జరిగిందని ఊరంతటికీ అర్థమయ్యేది.

సియాటిల్ ప్రాంతంలోనే ఉండేవారికి ఒక హెచ్చరిక. ఎంఎల్‌బీ టీవీ సాధారణ చందా కడితే మిగిలిన జట్ల ఆటలు వస్తాయి కానీ సొంత ఊరి జట్టు ఆటలు ప్రత్యక్షంగా రావు. దీన్ని బ్లాక్‌ఔట్ అంటారు. స్థానిక ప్రసారానికి వేరే చందా ఉంటుంది, ఆ ఏర్పాట్లు తరచూ మారుతుంటాయి. మార్చిలో జట్టు వెబ్‌సైట్ చూసి, ఆ తర్వాతే కార్డు బయటికి తీయండి.

నియమాలకు ఒక పూట చాలు

క్రికెట్ తెలిసినవారికి ఇది పెద్ద పని కాదు. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకు మూడు అవుట్లు. స్ట్రైక్ జోన్‌లో పడిన బంతీ, ఊపి తప్పిన బంతీ స్ట్రైక్; జోన్ బయట పడితే, బ్యాటర్ ఊపకపోతే బాల్. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్; నాలుగు బాల్స్ పడితే ఊరికే మొదటి బేస్‌కు నడిచి వెళ్తాడు. నాలుగు బేస్‌లూ చుట్టి వస్తే ఒక పరుగు. బంతిని మైదానం లోపలికి కొడితే పరుగెత్తి తీరాలి, అక్కడే నిలబడి తర్వాతి బంతి కోసం ఎదురుచూసే వీలు లేదు. మన కంటికి అలవాటు కావడానికి సమయం పట్టేది ఈ ఒక్కచోటే.

ఆట తెగ సాగుతుందన్నది పాత మాట. 2023లో పిచ్ క్లాక్ వచ్చింది. బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, ఎవరైనా ఉంటే 18 సెకన్లలో పిచ్చర్ బంతి విసరడం మొదలుపెట్టాలి. ఇప్పుడు చాలా ఆటలు రెండు గంటల నలభై నిమిషాల లోపు అయిపోతున్నాయి.

ఆటను వదిలి సిరీస్‌ను లెక్కపెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క సలహానే గుర్తుంచుకుంటానంటే దీన్ని గుర్తుంచుకోండి. మన జట్టు ఒక మ్యాచ్ ఓడితే వారం రోజులు టీవీల్లో చర్చ పెట్టుకునే అలవాటు మనది. ఆ అలవాటుతో బేస్‌బాల్‌లోకి వస్తే ఏప్రిల్ ముగిసేలోపు మనసు విరిగిపోతుంది. ఇక్కడ ఆరు నెలల్లో 162 ఆటలు. ఓటమి గురించి చర్చించడానికి సమయమే ఉండదు, మర్నాడు మళ్లీ ఆట ఉంటుంది.

2001లో మెరైనర్స్ 116 ఆటలు గెలిచింది. 1906 నాటి చికాగో కబ్స్‌తో సమానంగా మేజర్ లీగ్‌లో ఇదే అత్యధికం. ఇచిరో సుజుకి జపాన్ నుంచి వచ్చిన మొదటి ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడు, అత్యంత విలువైన ఆటగాడు అవార్డులు రెండూ కొట్టేసిన సీజన్ అది. అంతటి జట్టు కూడా 46 సార్లు ఓడింది. అక్టోబరులో న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడి వరల్డ్ సిరీస్‌కు వెళ్లనే లేదు. 2025 జట్టు 90 గెలిచి 72 ఓడింది. అంటే బాగా ఆడిన ఏడాదిలోనే 72 ఉదయాలు కాఫీ చేదుగా దిగింది.

కాబట్టి లెక్క మార్చుకోండి. జట్లు ఒక ఊరికి వెళ్తే సాధారణంగా మూడు ఆటలు వరుసగా ఆడతాయి. ఆ మూడింటినీ కలిపి ఒక సిరీస్‌గా చూడండి. సొంత మైదానంలో మూడింట రెండు, బయట సగం గెలవడమే మీ కొలబద్ద. సొంత మైదానంలో 81 ఆటల్లో 54, బయట 81లో 40 అనుకుంటే మొత్తం 94 గెలుపులు. ఆ సంఖ్యకు అక్టోబరు దాదాపు ఖాయం. ఒక నోటుపుస్తకం పెట్టుకుని సిరీస్‌కు ఒక్క వరుస రాయండి: ఎవరితో, ఎక్కడ, ఎన్ని గెలిచారు, గుర్తుండిపోయిన ఒక విషయం. సోమవారం ఓడినా గురువారానికి ఆ వరుసలో "మూడింట రెండు" అని రాసుకుంటారు. మనసు కుదుటపడుతుంది.

ఇదే లెక్కను మెరైనర్స్ పెద్దాయన ఒకరు పైకి అని తిట్లు తిన్నాడు. 2023 అక్టోబరులో జట్టు బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు జెర్రీ డిపోటో, దశాబ్దం పాటు 54 శాతం ఆటలు గెలిచే జట్టు చివరికి వరల్డ్ సిరీస్ దాకా చేరుతుందన్న అర్థంలో మాట్లాడాడు. 162లో 54 శాతం అంటే 87, 88 గెలుపులు. ఆ ఏడాది జట్టు గెలిచింది కచ్చితంగా 88. ఒక్క ఆట తేడాతో పోస్ట్ సీజన్ (అక్టోబరు పోటీలు) చేజారింది. ఆ గాయం పచ్చిగా ఉండగా శాతాలు చెబితే అభిమానులు ఊరుకుంటారా? ఆయన గణితంలో తప్పు లేదు, చెప్పిన వేళే బాగాలేదు.

ఏప్రిల్, మే నెలల్లో

ఈ రెండు నెలలూ బ్యాటింగ్ సగటులను పట్టించుకోకండి. సెంటర్ ఫీల్డర్ హూలియో రోడ్రిగెజ్ 2022లో ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికైనవాడు. వసంతంలో నెమ్మదిగా మొదలై వేసవి ముదిరాక రెచ్చిపోవడం అతని తీరు. 2025లోనూ అంతే, చివరికి 32 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), 30 బేస్ దొంగతనాలతో (పిచ్చర్ బంతి విసిరే సందులో తర్వాతి బేస్‌కు పరుగెత్తడం) ముగించాడు. మే నెలలో అతన్ని తిట్టినవారు సెప్టెంబరులో చప్పుడు చేయలేదు.

మైదానాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. టీ-మొబైల్ పార్క్‌లో చల్లటి, తేమ నిండిన సముద్రపు గాలి వల్ల బంతి దూరం పోదు. పరుగులు కష్టంగా వస్తాయి. అందుకే అక్కడి బ్యాటర్ల అంకెలు ఉన్నదానికంటే తక్కువగా, పిచ్చర్ల అంకెలు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తాయి. ఒక బ్యాటర్ గురించి నిజం తెలియాలంటే బయటి మైదానాల్లో అతని అంకెలు చూడండి.

అంకెలంటే పది రకాలు నేర్చుకోనక్కర్లేదు. బ్యాటర్‌కు ఓపీఎస్, పిచ్చర్‌కు ఈఆర్‌ఏ చాలు. ఓపీఎస్‌లో ఎంత తరచుగా బేస్ చేరాడో, ఎంత గట్టిగా కొట్టాడో రెండూ కలిసి ఉంటాయి. ఈ మధ్య లీగ్ సగటు 0.720 చుట్టుపక్కల ఉంటోంది, 0.800 దాటితే మంచి బ్యాటర్. ఈఆర్‌ఏ అంటే, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి పోను, తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ ఇచ్చే పరుగులు. సగటు నాలుగు పైన ఉంటుంది, మూడున్నర లోపు ఉంటే ఆనందించండి.

ఈ నెలల్లో నిజంగా చూడాల్సింది పిచ్చర్ల ఆరోగ్యం. ఆట మొదలుపెట్టే ఐదుగురు పిచ్చర్లు వంతుల ప్రకారం వస్తారు. మెరైనర్స్‌కు కొన్నేళ్లుగా ఆ ఐదుగురే బలం: లోగన్ గిల్బర్ట్, జార్జ్ కిర్బీ, లూయిస్ కాస్టియో, బ్రయన్ వూ, బ్రైస్ మిల్లర్. 2025 మొదటి నెలల్లో వారిలో కిర్బీ, గిల్బర్ట్, మిల్లర్ ముగ్గురూ ఏదో ఒక సమయంలో గాయాల జాబితాకెక్కారు. పిచ్చర్ ఆ జాబితాకు వెళ్తే కనీసం 15 రోజులు, బ్యాటర్ అయితే 10 రోజులు ఆడకూడదు. 60 రోజుల జాబితా వేరే ఉంది, అందులో పేరు చూస్తే గుండె జారుతుంది. ఇంత దెబ్బ తిని కూడా జట్టు పోటీలో నిలబడిందంటే, అప్పుడు ఆశ పెట్టుకోవడం న్యాయమే.

రెండోది పరుగుల తేడా. కొట్టిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులు తీసేస్తే వచ్చేది. గెలుపోటముల పట్టికలోనే ఒక గడిలో ఉంటుంది. 2021లో మెరైనర్స్ 90 ఆటలు గెలిచింది, కానీ పరుగుల తేడా మైనస్ 51. అంటే గెలిస్తే ఒక్క పరుగుతో, ఓడితే చిత్తుగా. చూడటానికి భలే సరదా సీజన్. నమ్ముకోవడానికి పనికిరాదు, చివరికి పోస్ట్ సీజన్‌కు రెండు ఆటల దూరంలో ఆగింది. మే ఆఖరుకు మీ జట్టు పరుగుల తేడా ప్లస్‌లో ఉంటే, గెలుపులు కాస్త తక్కువగా ఉన్నా కంగారుపడకండి.

ఒక ఆటగాడిని మీవాడు చేసుకోండి

ఇరవై ఆరుగురి పేర్లూ ఒకేసారి గుర్తుండవు. ఒకరిని ఎంచుకుని అతను ఏం చేశాడో రోజూ చూడండి. నా సలహా క్యాచర్‌ను ఎంచుకోమని. మన వికెట్ కీపర్‌లా వెనక కూర్చున్నా, ప్రతి బంతిలోనూ అతని పాత్ర ఉంటుంది. ఏ బంతి వేయాలో పిచ్చర్‌తో మాట్లాడుకునేవాడు అతనే, ఎదురుగా మైదానమంతా కనిపించేదీ అతనికే. అందువల్ల అతన్ని గమనిస్తే ఆట మొత్తం అర్థమవుతుంది.

2025లో ఈ సలహా పాటించినవారికి పండగే. క్యాచర్ కాల్ రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు. గంటల తరబడి మోకాళ్లు మడిచి కూర్చునే క్యాచర్లు అన్ని హోమ్ రన్లు కొట్టరు. అంతకుముందు ఆ స్థానంలో ఆడేవారి రికార్డు 2021లో సాల్వడార్ పెరెజ్ కొట్టిన 48. రెండు చేతులా బ్యాటింగ్ చేసేవారిలో 1961 నుంచి చెక్కుచెదరని మికీ మాంటిల్ 54నూ రాలీ దాటాడు. 1997, 1998లలో కెన్ గ్రిఫీ జూనియర్ కొట్టిన 56 ఈ జట్టు రికార్డు. అదీ పోయింది. సీజన్ మధ్యలో ఆల్ స్టార్ విరామంలో జరిగే హోమ్ రన్ డెర్బీలో తండ్రి బంతులు విసురుతుంటే, తమ్ముడు వెనక కీపింగ్ చేస్తుంటే రాలీ గెలిచాడు. ఆ వీడియో ఇంట్లోవాళ్లకు చూపించండి, బేస్‌బాల్ ఎందుకు చూస్తున్నారని మళ్లీ అడగరు. ఇంత చేసినా అత్యంత విలువైన ఆటగాడి అవార్డు యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్‌కే వెళ్లింది. సియాటిల్‌లో ఈ విషయం ఎత్తేముందు కాస్త చూసుకుని ఎత్తండి.

స్కోరు చేత్తో రాయండి

వారానికి ఒక్క ఆటకైనా. ఫీల్డర్లకు సంఖ్యలుంటాయి: పిచ్చర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడేవాడు) 6, ఎడమ, మధ్య, కుడి ఫీల్డర్లు 7, 8, 9. బంతి షార్ట్‌స్టాప్ దగ్గర నుంచి రెండో బేస్‌కు, అక్కడి నుంచి మొదటి బేస్‌కు వెళ్లి ఇద్దరు అవుటైతే 6-4-3 అని రాస్తారు. స్ట్రైక్ అవుట్‌కు ఇంగ్లిష్ కె అక్షరం. బ్యాటర్ బ్యాట్ ఊపకుండా చూస్తూ అవుటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తారు. ఈ ఎగతాళి నాకు ఇష్టం.

జూన్‌లో సంతోషం, జులైలో బేరం

జూన్‌లో ఆధిక్యం చూసి అక్టోబరు టికెట్లు లెక్కపెట్టకండి. 2024 జూన్ 18న మెరైనర్స్ తమ డివిజన్‌లో (ఐదు జట్ల గుంపులో) పది ఆటల ఆధిక్యంలో ఉంది. నెల తిరిగేసరికి అది ఆవిరైంది, సీజన్ చివర్లో మళ్లీ ఒక్క ఆట తేడాతో పోస్ట్ సీజన్ పోయింది. ఆగస్టులో కోచింగ్ బాధ్యత స్కాట్ సర్వైస్ నుంచి డాన్ విల్సన్‌కు మారింది. ఒకప్పుడు ఇదే జట్టుకు క్యాచర్‌గా ఆడినవాడు విల్సన్. 2025లో ఈ నరకం డెట్రాయిట్‌కు పట్టింది. జులైలో క్లీవ్‌లాండ్ కంటే పదిహేనున్నర ఆటలు ముందున్న డెట్రాయిట్ టైగర్స్ చివరికి డివిజన్‌నే క్లీవ్‌లాండ్‌కు అప్పగించింది.

జులై నెలాఖరు ప్రాంతంలో ఆటగాళ్ల మార్పిడికి గడువు. జట్టు యాజమాన్యం ఈ సీజన్‌ను నిజంగా నమ్ముతోందా లేదా అన్నది ఆ వారంలోనే తేలుతుంది. మాటలు వినకండి, ఎవరిని తెచ్చారో, ఎవరిని ఇచ్చారో చూడండి. సాధారణంగా ఇచ్చేది కింది స్థాయి లీగుల్లో ఎదుగుతున్న కుర్రాళ్లను. రేపటిని ఇచ్చి ఇవాళను కొనుక్కోవడమన్నమాట. 2025 జులైలో సియాటిల్ ఒకే జట్టు నుంచి, అంటే అరిజోనా నుంచి, వారం తేడాతో జాష్ నేలర్‌ను, యూహేనియో స్వారెజ్‌ను తెచ్చుకుంది. నేలర్ వేగంగా పరుగెత్తేవాడు కాదు. అయినా పిచ్చర్ల ఏమరుపాటును కనిపెట్టి ఆ సీజన్‌లో 30 బేస్‌లు దొంగిలించాడు. స్వారెజ్ పాత మనిషే. 2022, 2023లలో సియాటిల్‌కు ఆడాడు. తర్వాత జట్టే వదిలించుకుంది. తిరిగొచ్చాక అతని బ్యాటింగ్ సగటు 0.200 కూడా లేదు, డబ్బు దండగ అన్నవారు చాలామంది. అతని సంగతి అక్టోబరులో చెబుతాను.

సెప్టెంబరు: పట్టిక చదవడం

ఈ నెలలో రోజూ పొద్దున్న ముందు పట్టిక, తర్వాతే ఆట. మేజర్ లీగ్‌లో ఉన్న రెండు లీగుల్లో ప్రతిదానిలో మూడు డివిజన్లు. మూడు డివిజన్ విజేతలు, మిగిలినవాటిలో ఎక్కువ గెలిచిన మూడు వైల్డ్ కార్డ్ జట్లు, మొత్తం ఆరు ముందుకు వెళ్తాయి. డివిజన్ విజేతల్లో మొదటి ఇద్దరికి తొలి రౌండ్ ఆడే పని ఉండదు.

వెనకబాటును ఆటల్లో చెబుతారు. రెండు జట్ల గెలుపుల మధ్య తేడా, ఓటముల మధ్య తేడా కలిపి సగం చేస్తే వస్తుంది. అందుకే "రెండున్నర ఆటలు వెనక" లాంటి మాటలు వినిపిస్తాయి. మ్యాజిక్ నంబర్, అంటే మొదటి స్థానం ఖాయం కావడానికి ఇంకా కావాల్సిన ఫలితాల సంఖ్య, ఇంకా తేలిక. 163లోంచి ముందున్న జట్టు గెలుపులను, వెనక జట్టు ఓటములను తీసేయండి. ముందున్నవారు 86 గెలిచి, వెనకవారు 71 ఓడి ఉంటే మిగిలేది 6. మీవాళ్లు గెలిచినా, అవతలివాళ్లు ఓడినా అది ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే టపాసులు కాల్చుకోవచ్చు.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. 2022 నుంచి సమాన స్థితిలో నిలిచిన జట్ల మధ్య అదనపు ఆట లేదు. ఆ రెండూ ఆ ఏడాది తలపడిన ఆటల్లో ఎవరిది పైచేయి అన్నదే తీర్పు. ఒకే డివిజన్ జట్లు ఏటా 13 సార్లు తలపడతాయి, బేసి సంఖ్య కాబట్టి తేలిపోతుంది. ఆ పైచేయి మీదైతే 163 బదులు 162తో లెక్కవేయండి. 2025 సెప్టెంబరు 19 నుంచి 21 దాకా జరిగిన హ్యూస్టన్ సిరీస్ ఇందుకే అంత పెద్దదైంది. రెండు జట్లూ డివిజన్‌లో సమానంగా ఉన్నాయి. సియాటిల్ హ్యూస్టన్ గడ్డ మీదే మూడుకు మూడు గెలిచి మూడు ఆటల ఆధిక్యంతో పాటు ఆ పైచేయినీ పట్టుకొచ్చింది. మూడు రోజుల తర్వాత, సెప్టెంబరు 24న, 2001 తర్వాత మొదటిసారి డివిజన్ గెలిచింది. రాలీ 60వ హోమ్ రన్ కూడా ఆ రాత్రిదే. హ్యూస్టన్, డెట్రాయిట్ 87 గెలుపులతో సమానంగా నిలిస్తే, ముఖాముఖి పైచేయి వల్ల డెట్రాయిట్ లోపలికి వెళ్లింది, హ్యూస్టన్ ఇంటికి వెళ్లింది.

వీలైతే మైదానానికి వెళ్లండి

సియాటిల్‌లో ఉన్నా, అక్కడి పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లినా ఒక్క ఆటైనా చూడండి. వారం మధ్యలో బలహీన జట్టుతో ఆడే రోజుల్లో టికెట్లు చవక. లింక్ రైలెక్కి స్టేడియం స్టేషన్‌లో దిగితే కొద్ది నడక. కారు తీసుకెళ్తే పార్కింగ్‌కు ఇచ్చే డబ్బుతో మరో టికెట్ వస్తుంది.

టీ-మొబైల్ పార్క్ 1999లో తెరిచారు. పైకప్పు జరుగుతుంది, వర్షానికి ఆట ఆగదు. అయితే పక్కలు తెరిచే ఉంటాయి, ఏప్రిల్ రాత్రుల్లో చలి కొరుకుతుంది. జులైలో వెళ్లినా స్వెటర్ ఉండాలి. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే మరీ ముఖ్యం. ఇక్కడికి ఇంటి నుంచి తిండి తెచ్చుకోనిస్తారు. పులిహోర, దద్దోజనం పారదర్శకమైన సంచిలో పెట్టుకుని నిశ్చింతగా వెళ్లండి. సంచి కొలతల నియమాలు మాత్రం ముందురోజు చూసుకోండి. ఊరికే చూసి నవ్వుకోవాలనుకుంటే లోపల వేయించిన మిడతలు కూడా అమ్ముతారు.

ఆట మధ్యలో సాల్మన్ చేపల వేషాలు వేసుకున్నవారి పరుగు పందెం ఉంటుంది. హంపీ అనే చేప ఎప్పుడూ ఓడిపోయేది, పిల్లలందరూ దాని పక్షమే. ఆ చేప మొదటిసారి ఎప్పుడు గెలిచిందో ఇప్పుడు చెబుతాను.

అక్టోబరు వేరే ఆట

ఇప్పటిదాకా సిరీస్‌ను లెక్కపెట్టమన్నాను. అక్టోబరులో ఆ పుస్తకం పక్కన పెట్టి ఒక్కో బంతినీ చూడండి. వైల్డ్ కార్డ్ రౌండ్‌లో రెండు గెలవాలి, డివిజన్ సిరీస్‌లో మూడు, ఆ తర్వాతి రెండింటిలో నాలుగేసి. ఐదుగురు పిచ్చర్ల వంతులు చెదిరిపోతాయి, ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు. ఉదయం ఖాళీగా ఉండేలా సెలవు ఒకటి దాచుకోండి.

2025 అక్టోబరు 10న డెట్రాయిట్‌తో డివిజన్ సిరీస్ ఐదో ఆట మనకు శనివారం ఉదయం ఐదున్నర దాటాక మొదలై, దాదాపు ఐదు గంటలు సాగింది. డెట్రాయిట్ పిచ్చర్ తారిక్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. హంపీ పందెం గెలిచింది ఆ రాత్రే. మామూలుగా ఆట మొదలుపెట్టే గిల్బర్ట్, కాస్టియో ఇద్దరూ మధ్యలో సహాయకులుగా వచ్చారు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలక పొడిగిన ఆటలో చివరికి 15వ ఇన్నింగ్స్‌లో హోర్హే పొలాంకో కొట్టిన దెబ్బకు సియాటిల్ 3-2తో బయటపడింది. పాతకాపులకు ఇది 1995ను గుర్తుచేసింది. ఆ ఏడాది అక్టోబరు 8న ఎడ్గర్ మార్టినెజ్ కొట్టిన డబుల్‌తో (బ్యాటర్‌ను రెండో బేస్ దాకా చేర్చే దెబ్బతో) యాంకీస్ ఓడిపోయారు. జట్టు ఊరు వదిలిపోతుందేమోనన్న భయం అప్పుడే చల్లారడం మొదలైంది, కొత్త మైదానానికి డబ్బు కూడా ఆ తర్వాతే కుదిరింది.

తర్వాత, వరల్డ్ సిరీస్‌కు ముందు మెట్టులో, టొరంటోతో ఏడు ఆటలు. అక్కడికెళ్లి రెండు గెలిచి, ఇంట్లో రెండు ఓడి, ఐదో ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 2-2. బేస్‌లన్నీ నిండి ఉండగా వచ్చాడు స్వారెజ్. డబ్బు దండగ అనిపించుకున్న ఆ మనిషి బంతిని స్టాండ్స్‌లోకి పంపాడు, నాలుగు పరుగులు. బేరం లాభమా నష్టమా అన్నది మీరే తేల్చుకోండి. నేను లాభమనే అంటాను.

ఏడో ఆట అక్టోబరు 20న, దీపావళి నాటి రాత్రి. మనకు మర్నాటి ఉదయం. ఏడో ఇన్నింగ్స్‌లో సియాటిల్ 3-1తో ముందుంది. అక్టోబరులో గమనించాల్సిన అసలు విషయం ఇక్కడే ఉంది: ఆధిక్యంలో ఉన్నప్పుడు ఏ పిచ్చర్‌ను ఎప్పుడు దించుతారు? బ్రయన్ వూ ఇద్దరిని బేస్‌ల మీదికి పంపాడు. విల్సన్ ఎడ్వర్డ్ బజార్డోను పిలిచాడు. జట్టులో అందరికంటే బలమైన చివరి పిచ్చర్ అండ్రెస్ మున్యోజ్ అప్పటికి బుల్‌పెన్‌లోనే (సహాయక పిచ్చర్లు వేచి ఉండే చోట) ఉన్నాడు. అతన్ని చివరి అవుట్ల కోసం దాచడం ఆనవాయితీ. జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. 4-3, అంతే. అత్యంత ప్రమాదకరమైన క్షణం తొమ్మిదో ఇన్నింగ్స్‌లోనే రావాలని రాసిపెట్టి లేదు కనుక మున్యోజ్‌ను అప్పుడే దించాల్సిందని నా అభిప్రాయం. సియాటిల్‌లో ఈ వాదన ఇంకా చాలాకాలం నడుస్తుంది, మీరూ ఒక పక్షం ఎంచుకోండి.

ఆటలు లేని నెలలు

నవంబరులో రోజూ చూడాల్సిన పని లేదు, వారానికి ఒకసారి వార్తలు చాలు. ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు ఎవరు ఉంటారో, ఎవరు పోతారో తేలేది అప్పుడే. 2025 నవంబరులో నేలర్ ఐదేళ్లకు సంతకం చేశాడు. డిసెంబరులో జట్ల పెద్దలందరూ ఒకచోట చేరి బేరాలాడతారు. ఫిబ్రవరి మధ్యలో పిచ్చర్లు, క్యాచర్లు అరిజోనాలోని పియోరియాలో సాధన మొదలుపెడతారు, నెలాఖరుకు సన్నాహక ఆటలు వస్తాయి. అవి చాలావరకు అక్కడి మధ్యాహ్నం, అంటే మనకు అర్ధరాత్రి దాటాక. వాటి స్కోర్లకు విలువేమీ లేదు. ఎవరి భుజం నొప్పి తగ్గింది, ఎవరిది తిరగబెట్టింది అన్నది పొద్దున్న చదువుకుంటే చాలు.